పరమేశ్ కండ్లు

బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రి. లేజరు ఆపరేషను చేయించుకోదలచిన వాళ్ళ కళ్ళను ముందుగా ఫొటోలు తీసి పరీక్షించే గది. ఫొటోలు తీసే ఇంద్రజ, మిషను ముందు స్టూలు మీద కూర్చున్న ఒక యువకుడు.

"మల్లనా మేడం?"

"మళ్ళీనే. గడ్డం ఇక్కడ ఆనించండి. నుదురు ఆ పట్టీకి తగలాలి."

"ఇప్పటికే మస్తు సార్లు తీసిండ్రు."

"ఇంకొక్కసారి. లోపల లైటు కనబడుతోందా? దాన్నే చూడండి. రెప్ప వెయ్యొద్దు… వెయ్యొద్దు… అయ్యో, వేసేశారు."

"నీళ్ళు కారుతున్నయి మేడం."

"తుడుచుకోండి. నలపకండి. నలపొద్దంటున్నానా!"

"ఆఁ, ఆఁ. బయట ఉన్నోళ్ళందరిని ఒక్కసారి తీసి తోలిస్తున్నరు. నాకే గిట్లెందుకు?"

"మీవి సరిగ్గా పడట్లేదు."

"ఇందాక మంచిగ వడ్డదంటిరి."

"కుడిది బాగా పడింది. ఇప్పుడు తీస్తున్నది ఎడమది."

"ఎడమదెందుకు? లొల్లంత కుడిదాని మీదనే గదా?"

"కుడిదని మీకెవరు చెప్పారు?"

"ఎవలేంది? డాక్టర్ సాబ్ జెప్పిండు. పోయినసారి."

"ఏమని చెప్పారు?"

"గదే… కుడికన్ను ఫొటోల ఎర్రమచ్చ అచ్చింది, కండ్లల్ల లెన్సులు వెట్టుకుంటె గట్ల రావచ్చు, లెన్సులు బంద్ వెట్టి మల్ల రా, మల్ల తీసి చూస్తమన్నడు. బంద్ వెట్టిన. అచ్చిన."

"ఏ లెన్సులు వాడేవారు?"

"కండ్లల్ల వెట్టుకునేటియి."

"అవునండీ, అందరూ కళ్ళల్లోనే పెట్టుకుంటారు. ఏ రకం? వాడి పారేసేవా, మందు నీళ్ళల్లో దాచుకునేవా?"

"…పారేసేటియి."

"ఇక్కడ దాచుకునేవని ఉంది."

"ఒక్కోసారి పారేస్తం. ఒక్కోసారి దాస్తం."

"ఎక్కడ కొన్నారు?"

"నయీమ్‌ల. ఒక మలయాళీ దుకాణంల. గదైతె మంచిగ ఎరుకే."

"మరి మిగతావి ఎరుక లేవా?"

"నేనెప్పుడన్న గట్ల?"

"ఏం లేదులెండి. పోయినసారి మీకు ఫొటోలు తీసిందెవరో గుర్తుందా?"

"ఒక సార్."

"సారా?"

"సార్ గాదు, మేడమే. మీ లెక్కనే మేడం. మూతికి గుడ్డ కట్టుకున్నది గదా, గుర్తు వడలే."

"నాగదుర్గ గారు తీశారు. ఇప్పుడు సెలవు మీద ఊరెళ్ళారు. ఆవిడ ఎప్పుడూ మూతికి గుడ్డ కట్టుకోరండీ."

"మేడం, ఇగ నేనొకటి అడుగుత. మీరు కండ్లు చూసే మేడమా, పోలీసు మేడమా?"

"కార్డు ఇలా ఇవ్వండి."

"ఏ కార్డు?"

"సీపీఆర్ కార్డు. మీ పేరు, ఫొటో ఉండే కార్డు."

"కౌంటర్ల చూసిండ్రు."

"నేను చూడలేదుగా."

"…ఇగో."

"పరమేశ్. ఫొటోలో గడ్డం లేదే మీకు?"

"పెంచిన."

"పెంచితే చెవులు కూడా మారతాయా?"

"చెవులా? చెవులకేమయ్యింది?"

"ఏం కాలేదు. ఇదుగోండి, లోపల పెట్టుకోండి."

"మేడం, నాకు ఇప్పుడు సమజైంది. శ్రీనివాసరాజు సార్ ఫోన్ జేసిండు గదా మీకు?"

"ఆయనెవరు?"

"ఎరుక లేనట్టు."

"నిజంగా తెలీదండీ."

"మా కంపెనీల సేఫ్టీ ఆఫీసరు. మీ దిక్కు మనిషే. భీమవరం కాడిది ఏదో ఊరు."

"ఆ దిక్కు వాళ్ళందరూ నాకు చుట్టాలా?"

"మీరు మీరు ఒక్కటే గదా. పరమేశ్ అనేటోడు అస్తడు, ఆన్ని ఫెయిల్ జేయుండ్రి, ఊరికి తోలిద్దాం అని చెప్పిండు. అందుకే ఊకె తీసుడు, ఊకె అడుగుడు."

"మిమ్మల్ని ఊరికి తోలితే ఆయనకేం వస్తుంది?"

"ఎవన్నో ఆయన మనిషిని వెట్టుకుంటడు ఆ జాగల."

"అసలు మీకు ఈ లేజరు ఎందుకో చెప్పండి. కళ్ళజోడుతో బాగానే కనబడుతుందని ఉంది ఇక్కడ. మరి ఆపరేషను దేనికి?"

"రాసి లేదా?"

"రాసి ఉంది. మీరు చెప్పండి."

"మామీర్ దిక్కు ఆయిల్ టాంకులు కడిగే పని. టాంకుల దిగాల్నంటె మాస్కు వెట్టుకోవాలె. కండ్లు, ముక్కు, మూతి, అన్నిటికి ఒక్కటే మాస్కు. అది మొకానికి అతుక్కొని ఉండాలె. కండ్లద్దాలు వెట్టుకుంటె చెవుల దిక్కు పుల్లలుంటయి గదా, ఆడ సందు వడ్తది. సందుల కెళ్ళి గ్యాసు లోపటికస్తది. పరీక్ష వెడితె ఫెయిల్ అన్నరు. లెన్సులు వెట్టుకొని పోతె గవి గూడ బంద్ అన్నరు. అద్దాలు లేకుండ చూపు రావాలె, లేకుంటె వీసా కొత్తగ చెయ్యరట. చాలా? సరిపోయిందా రాసినదానికి?"

"సరిపోయింది. బాగా చెప్పారు."

"ఇగ సంతకం వెట్టి పంపుండ్రి."

"కొన్ని ప్రశ్నలున్నాయి. అందరినీ అడిగేవే. చీకటి పడ్డాక లైట్లు చూస్తే ఎలా కనబడతాయి మీకు?"

"ఎట్లుంటయి? లైట్ల లెక్కనే."

"చుట్టూ గీతలు గీతలుగా? చెదిరినట్టుగా?"

"ఎదురుంగ అచ్చే బండ్ల లైట్లు జర ఇచ్చుకుంటయి, పువ్వు లెక్క. అందరికి గంతే గదా?"

"అందరికీ అలా ఉండదు. ఏ కంటికి అలా ఉంటుంది?"

"గది చూసుకోలే. హైవే మీద బండి తోలుకుంట ఒక కన్ను మూసుకొని చూస్తమా?"

"మీరు బండి తోలుతారా? టాంకులు కడిగే పని కదా మీది?"

"దోస్తు బండి. ఎప్పుడన్న ఒకసారి."

"దోస్తు బండి. హైవే మీద."

"లైసెన్స్ చూపియ్యాల్నా? ట్రాఫిక్ డ్యూటీ గూడ మీదేనా?"

"కోప్పడకండి. ఇంట్లో ఇంకెవరికైనా కంటి జబ్బు ఉందా? అమ్మకి, నాన్నకి?"

"ఎవలికి లేదు."

"అన్నదమ్ములు?"

"ఒక్క అన్న. ఆయినకు…"

"అన్నా? పోయినసారి ఒక తమ్ముడు అని చెప్పారే?"

"తమ్ముడే. నేనే అన్నను. ఇంటికాడ అందరు నన్ను అన్న అన్న అంటరు, గదే నోట్లకు అచ్చింది."

"తమ్ముడు ఎక్కడుంటాడు?"

"ఈడనే. దుబాయిలనే."

"దుబాయిలోనా, బహ్రెయిన్‌లోనా?"

"మేము అంత కలిపి దుబాయే అంటం. ఈడనే, కర్జకాన్‌ల ఉంటడు."

"కర్జకాన్‌లో ఏం చేస్తాడు?"

"ఒక అర్బాబు ఇంట్ల… పని."

"యజమాని ఇంట్లో ఏం పని?"

"మేడం, నా తమ్ముని ముచ్చట ఎందుకు నా కండ్లకు?"

"డ్రైవరు కదూ?"

"ఆఁ. డ్రైవరే. అయితె ఏంది? ఒక్క డ్రైవరు లేడా బహ్రెయిన్‌ల?"

"సరే. ఇటు తిరగండి. ఈ తెర మీద చూడండి. ఇవి రెండు బొమ్మలు. ఎడంవైపుది పోయినసారి తీసిన కుడి కన్ను. కుడివైపుది ఇవాళ తీసిన కుడి కన్ను."

"గీ రంగులేంది?"

"కంటికి ముందు అద్దంలా ఒక పొర ఉంటుంది. కార్నియా అంటాం. అది ఎంత మందం ఉంది, ఎక్కడ వంపు తిరిగింది, ఎక్కడ ఉబ్బింది అన్నది ఈ మిషను రంగుల్లో చూపిస్తుంది. పచ్చగా ఉంటే బాగున్నట్టు. ఎర్రగా ఉన్నచోట పొర పల్చబడి ముందుకొచ్చినట్టు."

"గీ పాతదాంట్ల కింది దిక్కు ఎర్రగున్నది. కొత్తదంత పచ్చగున్నది. మంచిగైంది గదా!"

"మంచిగవదండీ."

"ఎందుకు గాదు? లెన్సులు బంద్ వెడితె అయితదని డాక్టర్ సాబే అన్నడు."

"లెన్సుల వల్ల వచ్చిన మచ్చయితే తగ్గుతుంది. కానీ కంటి నల్లగుడ్డు వెడల్పు మారదు కదా? పోయినసారికి ఇవాళ్టికి వెడల్పు వేరు. పొర మందం వేరు. నల్లగుడ్డులో సన్నసన్న చారలుంటాయి, మనిషి మనిషికీ వేరేగా ఉంటాయి, వేలిముద్రల్లాగా. అవి కూడా వేరు."

"మిషన్ ఖరాబైందేమో."

"అనుకున్నాను. ఇందాక మిమ్మల్ని బయట కూర్చోబెట్టి నా కళ్ళే పెట్టి చూసుకున్నాను. నావి ఎప్పటిలాగే ఉన్నాయి."

"అయితె పోయినసారి గా నాగదుర్గ మేడమే తప్పు తీసింది. వేరేటోళ్ళయి తీసి నా పేరు మీద వెట్టింది."

"అదీ అనుకున్నాను. అందుకే ఇన్ని ప్రశ్నలు అడిగాను."

"అడిగి?"

"అడిగి, ఆవిడ తప్పు తియ్యలేదని తెలుసుకున్నాను."

"మేడం, మీరు ఏం తెలుసుకున్నా మంచిదే. కొత్త ఫొటో పచ్చగున్నది. కుడికన్ను పాసైంది. డాక్టర్ సాబ్ కు పంపుండ్రి. ఖలాస్."

"పంపితే ఏమవుతుందో తెలుసా?"

"ఆపరేషన్ డేట్ ఇస్తరు."

"ఆ తర్వాత?"

"లేజర్ వెడ్తరు. అద్దాలు పోతయి."

"లేజరు ఏం చేస్తుందో చెబుతాను వినండి. ఈ పొరనే కొంత చెక్కేస్తుంది. మందంగా, గట్టిగా ఉన్న పొరయితే చెక్కినా నిలబడుతుంది. ఇదుగో, ఈ పాత బొమ్మలో ఉన్న కన్ను చూడండి. ఇది ముందే పల్చగా ఉంది. దీన్ని ఇంకా చెక్కితే, సైకిలు ట్యూబు అరిగిన చోట గాలి కొడితే బుడ్డ లేస్తుందే, అలా లేస్తుంది."

"పేలుతదా?"

"పేలదు. ఉబ్బుతుంది. నెలలు గడిచేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. చూపు చెదిరిపోతుంది. అప్పుడు ఏ అద్దాలు పెట్టినా రాదు. ఆఖరికి చనిపోయిన వాళ్ళ కంటిపొర తెచ్చి కుట్టాల్సి వస్తుంది."

"…భయపెట్టుడు గాదు గదా మేడం?"

"భయపెట్టి నాకేం వస్తుందండీ?"

"అంటె, ఈ ఎర్రమచ్చ ఉన్న కన్నుకు లేజర్ వెడితె, ఆ కన్ను పోతది."

"పోవచ్చు. పోయే అవకాశమే ఎక్కువ. అందుకే కదా ఆపరేషనుకి ముందు ఇన్ని ఫొటోలు తీసేది. నాలాంటి వాళ్ళని ఇక్కడ కూర్చోబెట్టేది వద్దని చెప్పడానికే."

"గిదంత డాక్టర్ సాబ్ పోయినసారి చెప్పిండా?"

"చెప్పారు. హిందీలో విడమరిచి చెప్పారట. మచ్చ లెన్సుల వల్ల వచ్చింది కాకపోతే లేజరు చెయ్యకూడదు, చేస్తే చూపు పోతుంది అని. మళ్ళీ అడిగి చెప్పించుకున్నారని కూడా ఉంది."

"ఎవలికి జెప్పిండు?"

"మీకే కదండీ చెప్పింది, పరమేశ్ గారూ? మంచినీళ్ళు కావాలా?"

"ఒద్దు. ఒక్క ఫోన్ జేసుకుంట మేడం."

"చేసుకోండి. నేను బయటికెళ్ళనా?"

"ఉండుండ్రి. హలో… అన్నా, ఏడున్నవ్? బండ్లనే ఉన్నవా? పైకి రా… లేదు, ఫోన్ల చెప్ప. పైకి రా అంటున్న… నీకు డాక్టర్ ఏం జెప్పిండు? గా దినం ఏం జెప్పిండు నీకు?… ఏమనలేదా? ఒట్టు పెట్టు… మరి నీళ్ళు నములుతున్నవెందుకు? పైకి రా… ఆఁ, తెలిసింది. మేడంకు తెలిసింది. నాకు గూడ తెలిసింది. రా ముందుగాల."

"అన్నయ్యా?"

"ఆఁ."

"కిందే ఉన్నారా?"

"పార్కింగ్‌ల. నా బండ్ల కూసున్నడు. నా బండంటె మా అర్బాబుది. మేడం, పోలీసులకు చెప్తరా?"

"నేను ఆ మాట అన్నానా?"

"కంపెనీకి?"

"ముందు మీ పేరు చెప్పండి."

"పేరెందుకు?"

"రాసుకోవాలి."

"రాయకుండ్రి మేడం. మీ కాళ్ళు మొక్కుత. మాదే తప్పు. వేరేటోని కార్డు మీద కూసున్న. మా అర్బాబుకు తెలిసిందంటె పాస్‌పోర్ట్ చేతుల వెట్టి విమానం ఎక్కిస్తడు. మంచోడే, గానీ గిసొంటిది ఒప్పుకోడు. ఆయన పిల్లలను బడికి తీసుకపొయ్యేది నేనే."

"మీ అర్బాబుకి ఎవరూ చెప్పరు. పేరు చెప్పండి."

"గీ ఫొటోలు తీసేయుండ్రి. నేను అసలు రానే లేదనుకోండ్రి. మా అన్న కార్డు తీసుకొని మేము పోతం. మల్ల గీ గుమ్మం తొక్కం."

"తీసెయ్యను. పేరు చెప్పండి."

"ఇందాకటి సంది చూస్తున్న, మీరు నన్ను ఏదో దాంట్ల ఇరికిస్తున్నరు."

"ఇరికించట్లేదు బాబూ."

"మల్ల పేరెందుకు? కాయితం ఎందుకు?"

"మీ అన్నయ్య రానివ్వండి, చెబుతాను. ఆయన ఎదురుగానే చెప్పాలి. పేరు?"

"…లక్ష్మణ్."

"కళ్ళజోడు ఎప్పుడైనా పెట్టారా లక్ష్మణ్ గారూ?"

"నాకెందుకు? నా కండ్లు మంచియే. అందుకే గదా నన్ను తోల్కచ్చింది."

"మేడం, లోపటికి రావచ్చా?"

"రండి. మీరే పరమేశ్ గారా?"

"అవు మేడం. నేనే. ఈని తప్పేం లేదు. నేనే కూసుండవెట్టిన. ఏమన్న ఉంటె నన్ను అనుండ్రి. అరె లచ్చన్న, లే, పోదాం పా."

"నేను లెవ్వ. ముందుగాల నాకు జెప్పు. గా డాక్టర్ నీకు ఏం జెప్పిండు?"

"ఏమంటడు? డాక్టర్లు గట్లనే అంటరు. జాగ్రత్త కోసం."

"కన్ను పోతదన్నడా, అనలేదా?"

"పోవచ్చన్నడు. పోతది అనుడు వేరు, పోవచ్చు అనుడు వేరు."

"నాకేం జెప్పినవ్ నువ్వు? మిషన్ సరిగ లేదు, గా మేడంకు తీయరాలేదు, ఒక్కసారి నువ్వు కూసుంటె అయిపోతది, ఊకె కాయితం కోసమే అన్నవ్. అన్నవా లేదా?"

"అన్న."

"అంటె నేను కూసుంటె నీ కన్ను పోతదని నీకెరుకనే."

"చెప్తె కూసుంటుంటివా?"

"కూసుండను! ఎట్ల కూసుంట? నా చేతులతోటి నీ కన్ను తీయించినట్టు గాదా?"

"గందుకే చెప్పలే."

"పరమేశ్ గారూ, కూర్చోండి. ఆ కుర్చీ లాక్కోండి. నిజంగానే అడుగుతున్నాను, అంత తెలిసీ ఎందుకు చేద్దామనుకున్నారు?"

"మేడం, ఆలోచించిన. డాక్టర్ సాబ్ చెప్పింది కుడికన్ను ముచ్చట. ఎడమది మంచిగనే ఉన్నదన్నడు. రెండు కండ్లకు లేజర్ వెడితె ఎడమదైతె నిలవడ్తది గదా. ఒక కన్ను ఉంటది. ఒక కన్నుతోని టాంకుల దిగచ్చు. కండ్లద్దాలతోని దిగరాదు."

"దిగి, ఎన్నాళ్ళు దిగుతారు?"

"బిడ్డ చదువు అయ్యెదాక. అది నర్సింగ్ చదువుత అంటున్నది. మధ్యల ఆపితె… వినోద ఊకుంటది మేడం, మా ఆమె. ఏమనదు. గా పిల్ల మొకం చూడలేను."

"వదినెకు చెప్పినవా గిది?"

"పిచ్చా నీకు?"

"నాకు చెప్పలే, వదినెకు చెప్పలే. నీ కన్ను నీ ఒక్కనిదే అన్నట్టు."

"అరుస్తున్నవ్. బయట ఇంటున్నరు."

"విననీయ్!"

"ఆగండి ఇద్దరూ. పరమేశ్ గారూ, మీరు లెక్క వేసుకున్నది తప్పు. ఈ జబ్బు ఒక కంట్లో ఆగదు. ఒకటి ముందూ ఒకటి వెనకా, రెండింటికీ రావచ్చు. మీ ఎడమ కన్ను కూడా ఇప్పుడు బాగున్నట్టు కనబడుతోంది అంతే. లేజరు పెట్టి ఉంటే రెండూ పోయేవేమో."

"…రెండూ?"

"రెండూ."

"ఇన్నవా? ఇన్నవా అన్నా?"

"ఇన్న."

"అయితే దీనికి వైద్యం ఉంది. లేజరు కాదు. కంట్లో విటమిను మందు చుక్కలు వేసి, నీలం లైటు పెడతారు. పొర గట్టిపడుతుంది. జబ్బు ఉన్నచోట ఆగిపోతుంది. పోయిన చూపు వెనక్కి రాదుగానీ, ఉన్నది ఉంటుంది. అందుకే ఎంత ముందు తెలిస్తే అంత మంచిది. తెలియక ఊరుకున్న వాళ్ళే నష్టపోతారు."

"చూపు ఉంటది సరే మేడం. మాస్కు?"

"మాస్కు లోపలే బిగించుకునే అద్దాలుంటాయి. చెవులకి పుల్లలు ఉండవు. గాజుకి లోపలివైపు చిన్న ఫ్రేము. మంటలార్పే వాళ్ళు మా దగ్గరే చేయించుకుంటారు."

"గిసొంటియి ఉన్నయా?"

"ఉన్నాయి. మీ కంపెనీలో మాస్కు పేరు, నంబరు కనుక్కుని రండి. డాక్టరు గారు ఉత్తరం రాసిస్తారు, లేజరు పనికిరాదు, ఈ అద్దాలతో చూపు సరిపోతుంది అని."

"మల్ల శ్రీనివాసరాజు సార్ ఎందుకు చెప్పలేదు?"

"ఆయనకి తెలీదేమో."

"తెలిసే చెప్పలేదేమో."

"అది నాకు తెలీదండీ. ఉత్తరం పట్టుకెళ్ళి అడగండి. అప్పుడు ఆయనేమంటారో చూడండి."

"అరె లచ్చన్న, ఇన్నవా? మాస్కుల అద్దాలుంటయట."

"నాతోని మాట్లాడకు."

"మాట్లాడకపోతె ఎట్లరా? నేను తప్పు జేసిన. ఒప్పుకుంటున్న. మేడం ముందర ఒప్పుకుంటున్న."

"మేడం, ఇగ మేము పోతం. పిల్లల బడి విడిచిపెట్టే యాళ్ళయితది. మా అన్నకు ఎప్పుడు రావాల్నో చెప్పుండ్రి, నేనే తోల్కస్త."

"కూర్చోండి లక్ష్మణ్ గారూ."

"ఇంకేమున్నది? మాఫ్ చేయుండ్రి మేడం. ఇంకోసారి గిట్ల చెయ్యం."

"మాఫీ సంగతి కాదు."

"మల్ల? గా కాయితం మీద నా పేరు వేరే రాసుకున్నరు. నాకు కనవడ్తున్నది. అన్న పేరు మీది ఫొటోలన్ని నా పేరు మీదికి మారుస్తున్నరు. మేడం, మీరు చెప్పనన్నరు, నేను నమ్మి పేరు చెప్పిన."

"అరె, మేడం మంచిగనే మాట్లాడుతున్నది గదరా."

"నీకేం ఎరుక? ఆమె పొద్దట్నుంచి ఒక్కటే పని, ఎడమ కన్ను మల్ల వెట్టు, మల్ల వెట్టు. ఎవలు నువ్వు, ఎవలు నువ్వు. కుడిది చూపిచ్చింది, ఎడమది ఒక్కసారి గూడ తెర మీద చూపియ్యలే. ఏదో దాస్తున్నది."

"ఏం దాస్తది? మేడం, ఈడు జర తొందర మనిషి. ఈని కండ్లు మా ఊర్ల అందరికెరుకే, చిన్నప్పటి సంది గద్ద కండ్లు. చెట్టు మీది కాయ ఏది పండిందో కిందికెళ్ళి చెప్తుండె. అందుకే ఈన్ని కూసుండవెట్టిన."

"పరమేశ్ గారూ, డాక్టరు గారు మీకు ఇంకో మాట కూడా చెప్పి ఉంటారు. ఈ జబ్బు ఒకే ఇంట్లో అన్నదమ్ములకి, పిల్లలకి రావచ్చు, వాళ్ళనీ తీసుకురండి అని."

"అన్నడు మేడం. బిడ్డను ఊర్ల చూపిస్త అన్న. తమ్మునికి… ఈనికి ఎందుకుంటది అనుకున్న."

"మేడం, సక్కగ చెప్పుండ్రి. మీరు ఏం దాస్తున్నరు?"

"లక్ష్మణ్ గారూ, దాచిన మాట నిజమే. మీ అన్నయ్యకున్న జబ్బే మీ ఎడమ కంట్లో మొదలైంది. ఇప్పుడిప్పుడే, ఆపగలిగినంత చిన్నగా ఉంది. అది ఎవరి కన్నో తెలియకుండా ఎవరికి చెప్పను? అందుకేనండీ పొద్దుట్నుంచీ మీ పేరు అడుగుతున్నాను."